మారువేషపు పరిశోధకురాలు



గ్రీర్ మెకాలిస్టర్ అను అమెరికా రచయిత్రి 2017లో వెలువరించిన ‘గర్ల్ ఇన్ డిస్‌గైజ్’ అను చారిత్రక అపరాధ పరిశోధక నవలను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము.

ఇందలి నాయిక కేట్ వార్న్ కల్పిత వ్యక్తి కాదు. 1856లో ఆ యువ వితంతువు షికాగోలోని ఆలన్ పింకర్టన్ పరిశోధక సంస్థకు వచ్చి, పురుషులు చొరలేని చోట్ల స్త్రీ రహస్యములు రాబట్టగలదని వాదించి ఉద్యోగము సంపాదించెను. ఆడమ్స్ ఎక్స్‌ప్రెస్ అను రవాణా కంపెనీ సొమ్ము అపహృతము కాగా, మారుపేరుతో నిందితుని భార్యతో చెలిమి చేసి, అందు అధిక భాగము బయటపడుటకు తోడ్పడెను. 1861లో లింకనును బాల్టిమోరులో చంపుటకు కుట్ర జరుగుచున్నదని తెలియగా, ఆయనను రోగియగు తన సోదరుడని చెప్పి, రాత్రికి రాత్రి రైలులో వాషింగ్టను చేర్చిన బృందములో ఆమెయు ఉండెను.

1868లో ఆమె మరణించెను. 1871 నాటి షికాగో అగ్నిప్రమాదములో సంస్థ దస్త్రములు దగ్ధమయ్యెను. కనుకనే ఆమె జీవితములో తెలియరాని భాగములను రచయిత్రి ఊహతో పూరింపవలసి వచ్చెను.

వర్తకులమగు మాకు ఇచ్చట ఒక సంగతి తట్టినది. వలస వచ్చిన మన కుటుంబములలో అంగళ్లు నిలబెట్టిన ముత్తవ్వల పేర్లు చిట్టా ఆవర్జాలలో అరుదుగా గాని కానరావు. ఏ అగ్నిప్రమాదమును లేకయే అవి మాసిపోవుచున్నవి. పెద్దలు జీవించియుండగనే వారినడిగి, ఆ పేర్లను, వారు చేసిన పనులను తెలుగులో వ్రాసి యుంచుడు. ఇదియే మా మనవి.