డొల్ల చప్పుడు: మంత్రాల కథలకు ఒక పరీక్ష

బొగ్గుబాయిలో పైకప్పును కంటితో చూసి నమ్మరు, చెవితో పరీక్షిస్తారు. కర్రతో తట్టినప్పుడు కంగుమంటే రాయి గట్టిదే. డొల్లగా పలికితే లోపల పొర విడిందని లెక్క, ఇక దాని కింద నిలబడకూడదు. దయ్యాలు, మంత్రాలు, శాపాలతో నిండిన సీరియళ్లను తోటి పాఠకులకు చెప్పేముందు కూడా అలా తట్టి చూడాలన్నదే ఈ గోదావరిఖని సభలో నా వాదం. కథ ఎంత వణికించిందన్నది కొలత కాదు. తాను పెట్టుకున్న కట్టుబాటు మీద చివరిదాకా నిలిచిందా, పుస్తకం మూశాక మనల్ని మన ఇంటికి పంపిందా అన్నది చూడాలి.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు 12 భాగాలు. కాశీకి నడిచే మణిసిద్ధుడు మజిలీ మజిలీకి ఒక కథ చెబుతాడు, వెంట ఉన్న గోపకుడు వింటాడు. ఎన్ని వింతలు జరిగినా నడిచే దారి ఒకటుందని పాఠకుడు మరిచిపోడు. చందమామ బేతాళ కథలది ఇంకా బిగువైన కట్టు. విక్రమార్కుడు నోరు విప్పితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది, అంతే. పాత 25 కథలు ఎప్పుడో అయిపోయినా ఆ ఒక్క షరతు మీద కొత్త కథలు దశాబ్దాల పాటు నడిచాయి. భుజాన శవం, చేత కత్తితో శంకర్ గీసిన రాజు బొమ్మ కనబడగానే పిల్లలకు కూడా ఏ లోకంలోకి అడుగుపెడుతున్నామో తెలిసిపోయేది. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటి సీరియళ్లు రాశారు. ఆ మాంత్రికులకు ఆశ ఉంటుంది, పిరికితనం ఉంటుంది; భయంలోంచే నవ్వూ పుడుతుంది. అప్పట్లో చందమామను నడిపింది మార్క్సిస్టు కొడవటిగంటి కుటుంబరావు. హేతువాదికీ మాంత్రికుడికీ పొత్తు కుదరదనేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' దగ్గరే చప్పుడు మారుతుంది. ఆంధ్రభూమి వారపత్రికలో వారం వారం ఊపిరి బిగబట్టి చదివించిన నవల అది. ఆ నేర్పును కాదనలేం. కానీ అక్కడ కాష్మోరా అనే క్షుద్రశక్తి ఏ మాయాద్వీపం నుంచో రాదు. డాక్టర్లున్న ఊళ్లోకి, మనలాంటివాళ్ల ఇంట్లోకి వస్తుంది. దాని బారిన పడ్డ పాపను కాపాడింది శాస్త్రమా, మంత్రమా అన్నది తేల్చకపోవడమే అందులో ఉత్కంఠ, అందులోనే ప్రమాదం. రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని విరుచుకుపడ్డది అందుకే. పాఠకుడు మోసపోయే మూర్ఖుడా అని యండమూరి అభిమానులు అడగవచ్చు. కాదు. అయితే చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన నేల ఇది. ఇక్కడ ఆ తేల్చనితనం ఉత్త కథనపు నేర్పుగా మిగలదు. నిషేధించమని నేననను. యండమూరి నవలనూ రంగనాయకమ్మ విమర్శనూ పక్కపక్కన పెట్టుకుని చదవమంటాను.

బొగ్గుగనుల జీవితాన్ని అల్లం రాజయ్య, పి.చంద్ రాసిన చోట దయ్యాల కథలేమిటన్నది అసలైన అభ్యంతరం. 2003 జూన్ 16న ఇక్కడి 7ఎల్‌ఈపీ బొగ్గుగనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఆ చావుకు కారణం వెతకాల్సింది గనిలోనే, గ్రహచారంలో కాదు. దాని మీద ఎవరైనా దయ్యం కథ అల్లితే నేను మొదటి పేజీలోనే మూసేస్తాను. వాస్తవ కథ చేసే పనిని రాకాసిలోయ చేయదు, చేస్తానని చెప్పుకోదు కూడా. 'ఇది కల్పన' అని వాకిట్లోనే చెప్పే కథలతో పెరిగిన పిల్లవాడు, రేపు ఎవరో తాయెత్తు అమ్మజూపితే ఆ తేడా పట్టగలడని నా నమ్మకం. కనుక ఇంట్లో పిల్లలుంటే దాసరితో మొదలుపెట్టండి. కాశీమజిలీ భాష గ్రాంథికం, వర్ణనలు సాగుతాయి. విసుగనిపిస్తే నాలుగు పేజీలు దాటేయండి, దీక్షితులవారేమీ అనుకోరు. తులసిదళం మాత్రం చివరికి ఉంచండి, రాత్రి షిఫ్టుకు పోయినవాళ్లు ఇల్లు చేరాక చదవండి.