ఉట్టి చేతులతోనైనా రండి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



చలికాలంలో ధైర్యంగా ఎలా ఉండాలో మాట్లాడమని మాకు చెప్పారు. చలికి దుప్పటి ఉంటాది, ధైర్యానికి ఏటి కప్పుకుంటాం అని మా సంఘంలో నవ్వుకున్నాం. తర్వాత ఆలోచిస్తే మాకు జరిగిందే చెప్పాలనిపించింది.

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దసరా అంటే పండగతో పాటు తుఫాను భయం కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. మాది ఉద్దానం. ఆ రోజు తలుపు తీసి చూస్తే కొబ్బరి చెట్లు, జీడి చెట్లు నేలకి ఒరిగిపోయి ఉన్నాయి. జీడి మొక్క కాపుకి రావాలంటే మూడు నాలుగేళ్ళు, కొబ్బరికి ఇంకా ఎక్కువ.

గాలి ఒక్క రాత్రితో పోయింది. చీకటి మాత్రం చాలా రోజులుంది. స్తంభాలు కూలిపోయి కరెంటు లేదు. పైగా పొద్దు తగ్గే కాలం. జూన్‌లో 13 గంటలు దాటి ఉండే పగలు మన వైపు డిసెంబరు మూడో వారానికి 11 గంటలకి వచ్చేస్తాది. సాయంత్రం అయిదున్నరకే మసక.

అప్పట్లో మా వారం మీటింగు రాత్రి ఏడు గంటలకి. "ఈ చీకట్లో ఎవరొస్తారు, పొదుపుకి డబ్బులేవి, కొన్నాళ్ళు ఆపేద్దాం" అనుకుని మూడు వారాలు ఆపేసాం. అది మేము చేసిన తప్పు. ఆ మూడు వారాల్లో ఇద్దరు సభ్యులు నూటికి నెలకి అయిదు రూపాయల వడ్డీకి బయట అప్పు తెచ్చుకున్నారు. ఇంకో చెల్లి గుమ్మం దాటడం మానేసింది. పెనిమిటి చెన్నైకి వలస పోయాడు. పొయ్యి వెలిగించడం లేదు, పిల్లలు పక్కింట్లో తింటున్నారు. మేము వెళ్ళి పిలిస్తే, "చేతిలో పైసా లేదక్కా, ఏ మొహం పెట్టుకుని సంఘానికి రానూ" అంది.

ఆ మాటకి మాకు నోట మాట రాలేదు. కష్టంలో ఆదుకోడానికి పెట్టుకున్న పొదుపే ఆ పిల్లకి అడ్డమైపోయింది. అప్పుడే పుస్తకంలో తీర్మానం రాసుకున్నాం.

ఒకటి, దసరా నుంచి సంక్రాంతి దాకా మీటింగు మధ్యాహ్నం మూడు గంటలకి, వెలుతురుండగానే. వరి కోతలైతే పొలం గట్టు మీదైనా సరే.

రెండు, డబ్బు లేకపోతే ఉట్టి చేతులతోనైనా రావాలి. బాకీ రాసుకుంటాం, పని దొరికాక కట్టొచ్చు.

మూడు, వరసగా రెండు మీటింగులకి రాని సభ్యురాలి ఇంటికి ఇద్దరు వెళ్ళాలి. వాయిదా మాట ఎత్తకూడదు. ముందు అన్నం తిన్నావా అని అడగాలి.

నాలుగు, ఆగస్టు నుంచే కొంత సొమ్ము అంతర్గత అప్పుకి విడిగా ఉంచాలి. టార్పాలినుకో, బియ్యానికో ఎవరూ బయట వడ్డీకి వెళ్ళకూడదు.

ఆ చెల్లి వచ్చింది. నాలుగు వారాలు గోడకి ఆనుకుని కూర్చుంది, ఒక్క మాట లేదు. మేమూ బలవంతం చెయ్యలేదు. అయిదో వారం మేము పొదుపు లెక్క చదువుతుంటే, "అక్కా, కూడిక తప్పు, ఇరవై రూపాయలు తేడా ఉంది" అంది. అందరం ఒకటే నవ్వు, తనూ నవ్వింది. ఇప్పుడు మా పుస్తకాలు రాసేది తనే.

అన్ని బెంగలూ కూర్చుని మాట్లాడితే తీరిపోవు. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి లేకుండా ఉంటే దిష్టి తగిలిందని, గాలి సోకిందని ఆలస్యం చెయ్యకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తోడు వెళ్ళండి. చచ్చిపోవాలనుంది అనే మాట వింటే రెండు వారాలు చూడొద్దు, ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే తీసుకెళ్ళండి. 14416 టెలి మానస్ నంబరుకి ఏ వేళైనా ఉచితంగా ఫోను చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

అక్కలారా, డిసెంబరు మూడో వారం దాటాక పొద్దు మళ్ళీ పెరుగుతాది. అందాకా ఒకరికొకరం కనబడుతూ ఉండాలి. ఈ రోజు ఊరు చేరాక, ఈ మధ్య మీటింగుకి రాని చెల్లి ఎవరో గుర్తు తెచ్చుకుని, దీపాల వేళకి ముందే ఆ ఇంటికి వెళ్ళి రండి.