మా ఇంటి డాబా మీద రెండు కిలోవాట్లు
(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం మొదలైనప్పటి నుంచి మా బ్రాంచికి వచ్చేవాళ్లు అడిగే మాట ఒకటే. "సార్, సోలార్ పెట్టించమంటారా?" కౌంటర్ దగ్గర నేను ఒక్క నిమిషంలో "పెట్టించండి" అనేవాణ్ని. తెనాలిలో మా సొంత ఇంటికి వచ్చేసరికి అదే నిర్ణయానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలల సంగతే ఇవాళ చెబుతాను.

ఆ ఇంట్లో మా అమ్మ, తమ్ముడి కుటుంబం ఉంటారు. ఒక ఏసీ, ఫ్రిజ్, నీళ్ల మోటారు. ఏడాది బిల్లులు ముందేసుకుని కూడితే నెలకు సగటున 350 యూనిట్లు. ఈ పని మీరూ ముందు చేయాలి. మే నెల బిల్లొక్కటి చూసి బెంబేలెత్తకండి, డిసెంబరు బిల్లు చూసి మురిసిపోకండి.

కొటేషన్ ఇచ్చినాయన 3 కిలోవాట్లు వేయించమన్నాడు. "సబ్సిడీ పూర్తిగా 78 వేలు వస్తుంది కదండీ" అన్నాడు. అది నిజమే. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. కానీ ఎంబీఏలో నేను నేర్చుకున్నవాటిలో ఇప్పటికీ పనికొచ్చేది ఒకటుంది. మొత్తం లాభం చూడకు, చివర పెట్టే రూపాయి ఏం తెస్తుందో చూడు అని.

ఒక కిలోవాటు మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 120. రెండు పెడితే 240. మా 350లో 110 మిగులుతాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ టారిఫ్‌లో 225 యూనిట్లు దాటాక ఒక్కోటి రూ. 8.75, దాని కింద వంద యూనిట్లు రూ. 6, ఇంకా కిందికి రూ. 4.50, రూ. 3, మొదటి 30 అయితే రూ. 1.90. సోలార్ ముందు పైనున్న ఖరీదైన యూనిట్లను కోసేస్తుంది. ఆ లెక్కన రెండు కిలోవాట్లతో నెలకు దాదాపు 1,760 రూపాయలు మిగులుతాయి. మూడో కిలోవాటు కోసేది అడుగున ఉన్న చవక యూనిట్లను. దాంతో అదనంగా మిగిలేది 350 రూపాయలు.

ఇప్పుడు ఖర్చు. రెండింటికి లక్షా 40 వేలు, సబ్సిడీ 60 వేలు పోను 80 వేలు. నాలుగేళ్లలోపే తిరిగొస్తుంది. మూడోదానికి మరో 58 వేలు, 18 వేలు పోను 40 వేలు. అది తిరిగి రావడానికి తొమ్మిదిన్నరేళ్లు! ఎఫ్‌డీ విరిస్తే 80 వేల మీద 7 శాతం చొప్పున ఏడాదికి 5,600 వడ్డీ పోతుంది, బిల్లులో 21 వేలు మిగులుతాయి. రెండు దగ్గర ఆగాం. నెలకు 120 యూనిట్లు వాడే ఇల్లయితే మొత్తం చార్జీయే 400 దాటదు. అలాంటివాళ్లు తొందరపడక్కర్లేదు. ఇది మన లోన్ టార్గెట్లకు కాస్త వ్యతిరేకమైన మాటేననుకోండి, కుటుంబ సమావేశం గనుక చెబుతున్నా.

లెక్క తేలింది. ఇంట్లో మాత్రం తేలలేదు. "ఎండంతా నువ్వు తీసేసుకుంటే నా వడియాలకేదిరా?" అంది అమ్మ. కిలోవాటుకు వంద చదరపు అడుగులు చాలు, డాబా 900 అడుగులుందని టేపు పట్టి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. నీడ పడని చోటు కూడా కావాలి. ఒక్క పలక మీద కొబ్బరి మట్ట నీడ పడినా దాంతో కలిపి కట్టిన మిగతా పలకలూ తగ్గిపోతాయి. మా చెట్టు నీడ పొద్దున తూర్పు వైపు పడుతుంది. చెట్టు జోలికి పోకుండా పలకల్నే పడమటి వైపు జరిపాం.

అసలు చిక్కు కాగితాల్లో వచ్చింది. కరెంటు మీటరు మా నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. దరఖాస్తు, బిల్లు, సబ్సిడీ పడే ఖాతా ఒకే పేరున ఉండాలి. మరణించిన ఖాతాదారుల క్లెయిములు నా టేబుల్ మీదుగా ఎన్ని వెళ్లాయో, మా ఇంటి మీటరు సంగతి నాకు తట్టనే లేదు. "పోనీలేరా, నెలకోసారైనా ఆయన పేరు ఇంటికొస్తోంది" అంది అమ్మ. నేనేమీ మాట్లాడలేకపోయాను. రెండు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. చివరికి తనే మరణ ధ్రువపత్రం తీసి తమ్ముడి చేతికిచ్చింది. నాన్న పేరుతో వచ్చిన ఆఖరి బిల్లు ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది.

పలకలు ఎక్కాయి, నెట్ మీటరు వచ్చింది. మూడో వారం, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మ ఫోను. "నెత్తిన ఎండ మండిపోతోంది, ఫ్యాను తిరగట్లేదేంట్రా?"

నిజం చెప్పాలంటే, పగలు ఒంటరిగా ఉండే అమ్మకు ఎండాకాలం ఫ్యాను ఆగకూడదనే నేనీ పని మొదలుపెట్టాను. గ్రిడ్‌కి కలిపిన ఇన్వర్టరు లైన్లో కరెంటు లేకపోతే దానంతటదే ఆగిపోతుంది. లేకపోతే మన ఇంటి కరెంటు తీగల్లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. ఆ ఏర్పాటు ఉండాల్సిందే. అమ్మినాయన చెప్పలేదు. కొటేషన్‌లో 'ఆన్‌గ్రిడ్' అని రాసే ఉంది. ఇరవై ఏళ్లుగా జనాన్ని "చదివి సంతకం పెట్టండి" అంటున్నవాణ్ని, దాని అర్థం అడగకుండానే సంతకం పెట్టాను.

తర్వాత వారం బ్యాటరీతో వేరే ఇన్వర్టరు కొన్నాం. అమ్మ గదిలో ఫ్యానుకు, లైటుకు. 32 వేలు. అది కలిపితే పెట్టుబడి తిరిగి రావడానికి ఐదేళ్లు దాటుతుంది. దాన్ని సోలార్ ఖాతాలో రాయకూడదని తమ్ముడి వాదన. నేను రాశాను.