నూరేండ్ల దీవెన - ముడతల భయము



పెద్దల పాదములకు మ్రొక్కినప్పుడు వారు మనలను నూరేండ్లు వర్ధిల్లుమని దీవింతురు. మాధ్యాహ్నిక సంధ్య వార్చువాడు సూర్యుని చూచుచు నూరు శరత్తులు చూడవలెనని, జీవింపవలెనని, వినవలెనని ప్రార్థించును. నూరు శరత్తులు గడచిన దేహమున తల నెరయక తప్పదు, చర్మము ముడుతలు పడక తప్పదు. అనగా ఆ దీవెనలో వార్ధక్యము కూడ చేరియే యున్నది. మనము ఆయువును దోసిలి పట్టి పుచ్చుకొనుచున్నాము. ఆయువు వెంట వచ్చు ముఖమును మాత్రము ఒల్లమనుచున్నాము. ఈ విషయమును గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

దీనికి కారణము ఒక గృహిణి అడిగిన ప్రశ్న. నరసరావుపేట దాపున మిరప, ప్రత్తి సేద్యముతో బ్రదికిన కుటుంబము వారిది. భర్తగారి షష్టిపూర్తి సమీపించినది. పట్టణముల నుండి వచ్చిన పిల్లలు, "అమ్మా, ఫోటోల్లో ముడతలు కనబడకుండా ఒక ఇంజెక్షను చేయించుకో" అని పట్టుబట్టిరట. "గురువుగారూ, చేయించుకుంటే దోషమా?" అని వారు మమ్ము అడిగిరి. వారికి చెప్పిన సమాధానమునే మీకును విన్నవించుచున్నాము.

మొదట ఒక సంగతి. చక్కగా కనబడవలెనను కోరికను మన ధర్మము నిందింపలేదు. అథర్వవేదము ఆరవ కాండలో కేశములు పెరుగుటకై ఓషధిని ప్రార్థించు సూక్తములు కలవు. జమదగ్ని మహర్షి తన కూతురి కొరకు ఆ మూలికను త్రవ్వెనని అందు చెప్పబడినది. ఆయుర్వేదమునకు గల ఎనిమిది అంగములలో ముదిమిని దూరము చేయు రసాయనము ఒకటి. వృద్ధుడైన చ్యవన మహర్షి అశ్వినీ దేవతల వలన యౌవనము పొందిన కథ భారతమున కలదు. ఆయన రూపము కోరియే నీట మునిగెను. కావున కోరిక కలిగినంత మాత్రమున పాపమని మేము చెప్పము.

ఇక ఆ సూదిమందు సంగతి. బొటాక్స్ అనునది ఒక సూక్ష్మజీవి పుట్టించు విషము నుండి చేసినది. పాడైన ఆహారములో చేరి ప్రాణములు తీయు విషమే అది. అతి స్వల్పమైన మోతాదులో కండరమున ఎక్కించినచో, నరము పంపు ఆజ్ఞ ఆ కండరమునకు అందదు, కండరము బిగియదు, ముడత కనబడదు. అమెరికాలో 1989లో మెల్లకన్నుకు, కనురెప్పల ఈడ్పునకు దీనిని అంగీకరించిరి. కనుబొమల నడుమ ముడతలకు 2002లో అంగీకరించిరి. యుక్తి నెరిగి వాడినచో విషము కూడ ఔషధమగునని చరకుడు ఏనాడో చెప్పెను. మెల్లకన్ను గలవానికి చూపు చక్కబరచిన మందును ఎవరు కాదనగలరు?

అయితే ముడతల విషయమున దీని ప్రభావము మూడు నాలుగు నెలలే. మన చేలలో భాద్రపదమున మిరప నారు నాటి, ఫాల్గుణమున చివరి కోత కోయులోగా దాని మహిమ ఒకటి రెండు మార్లు తీరిపోవును. మరల సూది, మరల రొక్కము. ఫిల్లరు అనునది మరియొకటి. జారిన చోట జిగురు వంటి పదార్థమును నింపుదురు. అది పొరపాటున రక్తనాళములో చేరినచో, అరుదుగానైనను, కంటిచూపే పోవచ్చును. దేహమును తెల్లబరచునని గ్లూటాథయోను ఇంజెక్షన్లు అమ్మువారు కలరు. తెలుపు కొరకు ఏ ఇంజెక్షనును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదింపలేదని ఎరుగుడు. ఏ సూదియైనను చర్మవైద్యము చదివిన వైద్యుని చేతనే తప్ప, అలంకరణశాలలో చేయించుకొనరాదు.

ఇప్పుడు యయాతిని తలచుకొందము. శుక్రాచార్యుని శాపము వలన ఆ రాజునకు ఒక్కసారిగా ముదిమి వచ్చెను. తన ముదిమిని పుచ్చుకొని యౌవనము నిమ్మని కొడుకులను యాచించెను. నలుగురు కాదనిరి, పూరుడు ఇచ్చెను. వేయి సంవత్సరములు భోగించి, కోరిక అనుభవముచే చల్లారదని తెలిసికొని, యయాతి ఆ యౌవనమును తిరిగి ఇచ్చివేసెను. ఈ కథలో మనము సాధారణముగా యయాతినే చూతుము. పూరుని కూడ చూడవలెను. తండ్రికి వచ్చిన యౌవనము ఆకాశము నుండి ఊడిపడలేదు. ఆ వేయేండ్లు తండ్రి ముసలితనమును ఒకడు మోసెను.

మన ఇండ్లలో ఆ మోయువారు ఎవరు? అత్తగారి మోకాళ్ల వైద్యమునకు దాచిన సొమ్మా? పిల్లవాని చదువునకు ఉంచిన సొమ్మా? మిరప అమ్మిన డబ్బు అప్పులకు చాలక, నలుగురిలో చిన్నబోరాదని వడ్డీకి తెచ్చిన సొమ్మా? ముఖమున చెరిగిన గీత మరియొకరి నుదుట పడినచో, అది యయాతి యౌవనమే.

మరి ఈ భయము ఎక్కడ పుట్టినది? వైద్యశాలల ప్రకటనలే కారణమని అనుట సులభము. విత్తనము వారిదే కావచ్చును. నీరు పోయుచున్నది మన నోళ్లే. పెండ్లిచూపులలో పిల్ల చామనఛాయ అని పెదవి విరుచువారము మనము. శుభకార్యమున కనబడిన స్త్రీని కుశల మడుగుటకు ముందే "ఏమిటమ్మా, ఇలా అయిపోయావు?" అని అందరి ఎదుట అనువారము మనము. గుంటూరు మిరప యార్డులో రంగు చూచి ధర కట్టుదురు. రంగు వెలిసిన కాయను తాలు అని వేరు చేయుదురు. అది సరకు, కనుక అది న్యాయమే. ఆ త్రాసునే ఇంటికి తెచ్చి ఆడపడుచును, కోడలిని, కన్నతల్లిని తూచుట న్యాయమా? తాలు అని ఏరివేతురేమో అను భయముననే చాలమంది సూదికి ముఖమును అప్పగించుచున్నారు.

షష్టిపూర్తి ఎందులకు ఏర్పడినది? అరువదవ ఏట ఉగ్రరథ శాంతి, డెబ్బదవ ఏట భీమరథ శాంతి, వేయి పున్నములు చూచినవారికి సహస్ర చంద్ర దర్శనము: వయస్సు పెరిగిన కొలది మన పెద్దలు పండుగలు పెంచిరే గాని తగ్గింపలేదు. షష్టిపూర్తినాడు భర్త మరల మాంగల్యము కట్టునది ముడుతలు పడిన మెడకే. ఆ ముడుతలు రాకున్నచో ఆ పండుగయే లేదు. పల్నాటి ఎండలలో ప్రత్తి తీసి, మిరపకాయల ఘాటుకు కండ్లు మండుచుండగా తొడిమలు తీసి బిడ్డలను పెంచిన ముఖము ఫోటోలో అట్లే పడనిండు. మనుమలు రేపు వెదుకునది ఆ ముఖమునే.

కావున ఆ తల్లికి మేము చెప్పినది ఇది. "అమ్మా, దోషము సూదిలో లేదు. మీకే ఇష్టమై, ఎవరి నోటి కూడును తీయక, తగిన వైద్యుని చేత చేయించుకొన్నచో శాస్త్రము అడ్డము రాదు. ఎవరో చులకన చేయుదురను భయముతో మాత్రము వలదు."

మందులు లేని రసాయనమును కూడ చరకుడు చెప్పెను. దానికి ఆచార రసాయనమని పేరు. సత్యము పలుకుట, కోపము విడుచుట, మద్యము మానుట, మృదువుగా మాటలాడుట, వేళకు నిదురించుట, పెద్దలను సేవించుట: ఇవి పాటించువానికి రసాయన ఫలము సిద్ధించునని ఆయన మాట. ఇందులో పెద్దల సేవ ఇద్దరికి మేలు చేయును. సేవించువానికి ఆయువు, సేవింపబడువారికి తమ వయస్సు మీద గౌరవము.

కావున పిల్లలారా! ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ ముఖమున ముడతలు లెక్కింపకుడు. ఆమె ప్రక్కన కూర్చుండి, ఏ ఏట ఏ పంట పోయినదో, ఏ పంట నిలబెట్టినదో అడుగుడు. పెద్దలారా! కోడలి రంగును గూర్చి, చుట్టపు స్త్రీ వయస్సును గూర్చి నోరు జారకుడు. ఈ రెండును ఒక్క ఏడాది పాటించిన ఇంటిలో నూరేండ్ల దీవెన భయము లేక ఫలించును.

స్వస్తి.