అద్భుత కథలూ, మన పిల్లల తెలుగూ
(చోళపురంలో ఉగాది సభయందు చేసిన ప్రసంగ పాఠము)

 

ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఆరకముందే ఉపన్యాసమేమిటని ముందు వరుసలోని పిల్లలు మా వంక బెదురుగా చూస్తున్నారు. వారి భయం మాకు తెలుసు. మేమూ ఒకప్పుడు ఆ వరుసలో కూర్చున్నవాళ్ళమే. అందుచేత ఈ సాయంత్రం మంత్రగాళ్ళను గురించీ, బ్రహ్మరాక్షసులను గురించీ, చంద్రలోకానికి పోయినవాళ్ళను గురించీ నాలుగు మాటలు చెప్పి, అటువంటి పుస్తకాలలో ఏవి చదవదగినవో, ఏవి పక్కన పెట్టవచ్చునో మాకు తోచినంత మనవి చేస్తాము. 'మేము' అంటున్నది గొప్పకు కాదు. ఇక్కడా, రాజపాళయంలోనూ ఉన్న మేము కొందరము కలిసి ఈ పుస్తకాలు చదివాము. కొన్నింటి మీద గట్టిగా పోట్లాడుకున్నాము. ఆ పోట్లాటలో తేలిన సారమే ఈ ప్రసంగం.

ఈ విషయమే ఎందుకు ఎంచుకొన్నామో ముందు చెప్పాలి. మన ఇళ్ళలో తెలుగు మాట్లాడుతాము. నాయక రాజుల కాలం నుంచీ ఈ దక్షిణదేశంలో తెలుగు నోళ్ళలో నిలిచే ఉన్నది. కాని అక్షరం సంగతి వేరు. ముత్తాతలు తెలుగు చదివేవారు, తాతలు కూడబలుక్కొని చదివేవారు, మన పిల్లలు వింటారు, మాట్లాడుతారు, తెలుగు పుస్తకం చేతికిస్తే మాత్రం బొమ్మలు చూసి తిరిగి ఇచ్చేస్తారు. తమిళం మనకు అన్నం పెట్టిన భాష. దానిని బాగా చదువుకోవలసిందే. 2006లో ఈ రాష్ట్రంలో బడులలో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. బడిలో తెలుగుకు చోటు తగ్గినకొద్దీ ఇంట్లో దానికి చోటు కల్పించవలసిన బరువు మన మీదనే పడింది. పెద్దలు వెంటనే, "భారతం చదివించండి, శతకాలు వల్లె వేయించండి" అంటారు. మంచి మాటే. కాని అక్షరాలే రాని పిల్లవాణ్ణి భారతం ముందు కూర్చోబెట్టడమంటే ఈత రానివాణ్ణి ఏటి నడుమ దించడమే. మొదట "తరువాత ఏమైంది?" అన్న ఆత్రం పుట్టాలి. ఆ ఆత్రాన్ని పుట్టించడంలో అద్భుత కథను మించినది లేదని మా నమ్మకం.

అద్భుతం మనకు ఎక్కడినుంచో దిగుమతి చేసుకోవలసిన సరుకు కాదు. రాజపాళయం పక్కనే సంజీవి మలై ఉన్నది. హనుమంతుడు సంజీవి కొండను మోసుకు పోతూంటే జారిపడిన ముక్క అది అని ఇక్కడివాళ్ళు చెప్పుకొంటారు. పొద్దున్నే వాకిట్లోకి వచ్చిన పిల్లవాడికి ఒక పురాణమే ఎదురుగా నిలబడి కనిపిస్తుంది! ఇక మనకు ఉత్తరాన, బస్సెక్కితే కొద్దిసేపటిలో చేరే శ్రీవిల్లిపుత్తూరు సంగతి. 1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు తన 'ఆముక్తమాల్యద'కు కథాస్థలంగా ఎంచుకొన్నది ఆ ఊరినే. విష్ణుచిత్తుడూ గోదాదేవీ మన పొరుగువారు. తెలుగు సాహిత్యంలో తలమానికమైన కావ్యాలలో ఒకటి మన పొరుగూరి కథ అన్న సంగతి మన పిల్లలలో ఎందరికి తెలుసు?

ఆ కావ్యంలోనే మాలదాసరి కథ ఉన్నది. తెల్లవారకముందే లేచి కురుంగుడి స్వామిని పాడి మేల్కొలిపే భక్తుడు ఒకనాడు దారి తప్పి, మర్రిచెట్టు మీది బ్రహ్మరాక్షసుని చేత చిక్కుతాడు. తినబోయేవాణ్ణి ఆపి, "స్వామి సేవ ముగించుకొని తిరిగి వస్తాను, అప్పుడు తిను" అంటాడు. వదిలినవాడు తిరిగి వస్తాడా అని రాక్షసుడు నవ్వుతాడు. దాసరి ఒట్లు పెట్టి వెళ్ళి, పాడి, నిజంగానే తిరిగి వస్తాడు. ఆ నిలకడకు రాక్షసుని మనసే మారిపోతుంది. దాసరి పాట ఫలంతో అతనికి శాపవిమోచనమవుతుంది. రాక్షసుడు కనబడడం ఇందులో పెద్ద అద్భుతం కాదు. మనిషి మాటకు కట్టుబడి చావుకు ఎదురు నడవడం అద్భుతం. మంచి అద్భుత కథకు మేము పెట్టుకొన్న మొదటి గీటురాయి ఇదే: మాయలన్నీ తీసివేసిన తరువాత కూడ అందులో మనిషి మిగలాలి.

ఆ కురుంగుడి నేటి తిరునెల్వేలి జిల్లాలో మహేంద్రగిరి దాపున ఉన్నది. హనుమంతుడు లంకకు ఎగిరినది మహేంద్ర పర్వతం మీదనుంచేనని రామాయణం చెబుతుంది. ఈనాడు అదే పేరుగల కొండ పాదాన మన అంతరిక్ష సంస్థవారు రాకెట్టు ఇంజన్లను మండించి పరీక్షిస్తున్నారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. పురాణమూ, విజ్ఞానమూ ఒకే కొండ దగ్గర కలిసిన చోట పుట్టిన పిల్లలకు ఈ రెండు రకాల కథలూ చెప్పకపోతే తప్పు మనదే గదా!

రెండవ గీటురాయి: కథ తాను పెట్టుకొన్న నియమాన్ని తానే తప్పరాదు. మాంత్రికుని ప్రాణం చిలకలో ఉన్నదంటే చివరిదాకా అక్కడే ఉండాలి. కథకుడికి ఇబ్బంది వచ్చినప్పుడల్లా కొత్త మంత్రం పుట్టుకొస్తే చదువరికి భయమూ ఉండదు, సంతోషమూ ఉండదు. ఈ లెక్కన మధిర సుబ్బన్న దీక్షితులవారి 'కాశీమజిలీ కథలు' గురించి మాలో రెండు పక్షాలైనాము. మణిసిద్ధుడనే యతి ఒక గోపబాలుణ్ణి వెంటబెట్టుకొని కాశీకి నడుస్తూ, మజిలీకొక కథ చెప్పే ఏర్పాటు ఎంతో అందమైనది. 1951లో వచ్చిన 'పాతాళభైరవి' చిత్రానికి మూలమూ ఆ కథలలోనే ఉన్నది. కాని పన్నెండు సంపుటాల ఆ గ్రంథంలో కాకతాళీయాలు మరీ ఎక్కువ, భాష గ్రాంథికం. పెద్దలు చదివి, రాత్రిపూట పిల్లలకు తమ మాటల్లో చెప్పడానికి బంగారు గని. పిల్లవాడి చేతికి నేరుగా ఇవ్వదగినది కాదు.

పిల్లవాడి చేతికి ఇవ్వదగినది 'చందమామ'. నాగిరెడ్డి, చక్రపాణిగారలు 1947 జూలైలో దానిని మద్రాసులో ప్రారంభించారు. మనవంటివారికి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, అప్పుడే తమిళంలో 'అంబులిమామా' కూడ బయలుదేరింది. అవే కథలు, అవే బొమ్మలు, రెండు లిపులు! 1952 నుంచి 1980లో మరణించేవరకు కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ పత్రికలో పనిచేశారు. చిన్న వాక్యాలు, తేట మాటలు, డాబు లేని నడక వారి చేతి చలువ. బేతాళుణ్ణి భుజాన వేసుకొని కత్తి పట్టి నడిచే విక్రమార్కుని బొమ్మ గీసిన శంకర్‌గారు తమిళులు, 2020లో కన్నుమూశారు. తెలుగు సంపాదకుడూ, తమిళ చిత్రకారుడూ కలిసి చేసిన ఆ వంట మన ఇళ్ళవంటిదే.

ఇక దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలు. 1954లో మొదలైన 'తోకచుక్క' మొదలుకొని 'మకర దేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలా ద్వీపం', 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం' – పేర్లు చదువుతుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. 'తోకచుక్క'లో ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికుల మధ్య చిక్కుకొన్న సేనాని సమరసేనుని పాట్లు చదివినవాడు మరుసటి నెల సంచిక కోసం ఎలా ఎదురుచూశాడో మాలోని పెద్దలను అడగండి. మా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాము. ఈ కథలలో స్త్రీలకు పని తక్కువ. ఒక్కొక్కప్పుడు ఆపద తరువాత ఆపద రావడమే తప్ప మనుషుల మనసులు అంతగా తెలియవు. అయినప్పటికిన్నీ, అక్షరాలు కూడబలుక్కొనే పిల్లవాణ్ణి పేజీ తిప్పించగల శక్తిలో వీటికి సాటి లేదు.

ఇప్పుడు సైన్సు కథలకు వస్తాము. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ 1865లో మనుషులను పెద్ద ఫిరంగి గుండులో పెట్టి ఫ్లోరిడా నుంచి చంద్రుని వైపు పేల్చాడు. ఇంగ్లండులో వెల్స్ 1901లో భూమ్యాకర్షణను అడ్డే ఒక పదార్థాన్ని ఊహించి, దానితో చంద్రుని చేర్చాడు. లేని పదార్థాన్ని కల్పించాడని వెర్న్ ఆయనను ఆక్షేపించాడు. నిజానికి ఫిరంగి దెబ్బకు లోపలి మనుషులు పచ్చడి అయిపోతారు! 1969 జూలైలో అపోలో-11 మాత్రం ఫ్లోరిడానుంచే బయలుదేరింది. ఎవరి లెక్క సరి అన్నది మాకు ముఖ్యం కాదు. వెర్న్ చదివినవాడు 'ఎలా?' అని అడగడం నేర్చుకొంటాడు. వెల్స్ చదివినవాడు 'అయితే ఏమవుతుంది?' అని అడగడం నేర్చుకొంటాడు. రెండు ప్రశ్నలూ కావాలి.

వెల్స్ 1895లో వ్రాసిన 'టైమ్ మెషీన్' మాలో అందరూ ఏకగ్రీవంగా మెచ్చిన పుస్తకం. అందులోని యాత్రికుడు లక్షల ఏండ్ల ముందుకు పోయి చూస్తే మానవజాతి రెండుగా చీలి ఉంటుంది. నేలమీద ఆటపాటలతో బతికే సుకుమారులు ఒక జాతి, నేల అడుగున యంత్రాల మధ్య చీకటిలో పనిచేసేవారు ఒక జాతి. మిల్లుల మధ్య, షిఫ్టుల మధ్య బతుకుతున్న మనవంటివాళ్ళకు ఈ కథ మరీ దగ్గరగా తగులుతుంది. ఈ పుస్తకం స్ఫూర్తితోనే సింగీతం శ్రీనివాసరావుగారు 1991లో 'ఆదిత్య 369' తీశారు. ఆ యంత్రం వెళ్ళి ఆగినది ఎక్కడ? కృష్ణదేవరాయల కొలువులో! రాయలు మన విల్లిపుత్తూరుకు కావ్యంలో వస్తే, మన సినిమా యంత్రమెక్కి రాయల దగ్గరకు వెళ్ళింది.

సైన్సు కథ తెల్లవారి సొత్తు అనుకోవద్దు. జగదీశ్ చంద్ర బోసు 1896లోనే వంగభాషలో ఒక కథ వ్రాశారు. సముద్రంలో ఒక సీసా తలనూనె పోస్తే తుఫాను అణిగిపోతుంది! 1905లో రొకియా అనే వంగదేశపు ముస్లిం మహిళ 'సుల్తానా కల' అనే కథ ఇంగ్లీషులో వ్రాసింది. అందులో మగవాళ్ళు ఘోషాలో ఉంటారు. ఆడవాళ్ళు సూర్యుని వేడితో వంట వండుతూ, ఆకాశ రథాల మీద తిరుగుతూ రాజ్యం నడుపుతారు. అది అచ్చయినది మద్రాసులో వెలువడిన మహిళల పత్రికలో. ఆ పత్రిక సంపాదకురాలు కమలా సత్తియనాధన్ మన తెలుగు ఆడపడుచే. మా జట్టులోని ఆడవాళ్ళు దీనిని మొదటి స్థానంలో పెట్టారు. మగవాళ్ళము మారు మాట్లాడలేదు.

తమిళం చదవగలిగిన మన పిల్లలకు సుజాత నవల 'ఎన్ ఇనియ ఇయంతిరా' తప్పక ఇవ్వవలసినది. అందులో జీనో అనే యంత్రపు కుక్క ఉన్నది. రాజపాళయం కుక్కకు పేరుపడిన గడ్డ మీద పుట్టినవాళ్ళము, కుక్క గుణదోషాలు మనకంటె ఎవరు చెప్పగలరు? జీనోకు మా పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. పెద్దలకు విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహా హూహూ' చెబుతాము. గుర్రపు తల గల గంధర్వుడు ఒకడు లండన్ నగరంలో వచ్చి పడితే, శాస్త్రజ్ఞులు పంజరంలో పెట్టి పరిశోధిస్తారు. అతడు సంస్కృతంలో మాట్లాడుతాడు. విశ్వనాథవారి అభిప్రాయాలన్నిటినీ ఒప్పుకోలేనివాళ్ళము కూడ పంజరంలో ఉన్నది ఎవరో, బయట ఉన్నది ఎవరో అని చాలాసేపు ఆలోచించాము.

మనలో సైన్సు కథలు వ్రాయదలచినవారికి ఒక్క మనవి. కథ మధ్యలో ఆపి పాఠం చెప్పకండి. పాత్ర నోట పాఠ్యపుస్తకం పలికిస్తే కథా చెడుతుంది, పాఠమూ ఎక్కదు.

చివరగా, ఇది అంతా విని ఇంటికి పోయి మరచిపోకుండా, చేయదగిన పని ఒకటి చెబుతాము. 'చందమామ' కొత్త సంచికలు 2013 తరువాత రాలేదు. కాని పాత సంచికలు కంప్యూటరులో దొరుకుతున్నవి. దాసరివారి నవలలు పుస్తకాలుగా అచ్చయినవి. ఒకే నెల 'అంబులిమామా', 'చందమామ' రెండూ తీసి పక్కపక్కన పెట్టండి. పిల్లవాడు తమిళంలో కథ చదువుతాడు; కథ తెలిసిపోతుంది. తరువాత అదే బొమ్మ పక్కన తెలుగు అక్షరాలు చూస్తాడు. మాట ఇంట్లో విన్నదే, కథ తెలిసినదే, కొత్తది అక్షరం ఒక్కటే. మేము కొందరు పిల్లలతో ఇలా మొదలుపెట్టాము. ఒక వేసవి సెలవులలోనే వారిలో ఒక పాప బేతాళ కథ తెలుగులో కూడబలుక్కొని చదివింది. ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి ఆగి, జవాబు చూడకుండా తన అవ్వను అడిగింది. అవ్వకు చదువు రాదు. జవాబు మాత్రం వెంటనే చెప్పింది. తరువాత పుస్తకంలో ఏమున్నదో చదివి వినిపించమన్నది. ఇన్నాళ్ళూ అవ్వ చెబితే పిల్ల విన్నది. ఆ పూట పిల్ల చదివితే అవ్వ విన్నది.

మాలదాసరి మాట ఇచ్చి తిరిగి వచ్చినట్లు, మన తెలుగు అక్షరం కూడ మన ఇళ్ళకు తిరిగి రావాలి. దానికి దారి చూపేది మాంత్రికుడైనా సరే, రాక్షసుడైనా సరే, యంత్రపు కుక్క అయినా సరే, మేము కాదనము. వచ్చే ఉగాదికి ఈ వేదిక మీద మా ఉపన్యాసానికి బదులు ఒక పిల్లవాడు తెలుగు పుస్తకం చేతబట్టి కథ చదివితే, ముందు వరుసలో కూర్చొని వినడానికి మేము సిద్ధము.