వార్డులో ఉన్నవారికి కొలనోస్కోపీ: పేగుశుద్ధి గురించి కొన్ని మాటలు



కొలనోస్కోపీకి తెలుగులో 'పెద్దపేగు అంతర్దర్శనం' అని చక్కని పేరు కట్టవచ్చు. అనువాదం నా వృత్తి గనుక అటువంటి మాటలపై నాకు మమకారం ఉన్నది. కాని ఆసుపత్రి వార్డులో ఆ మాట పలికేవారు లేరు. నేనూ కొలనోస్కోపీ అనే అంటాను. మలద్వారం గుండా కెమెరా అమర్చిన గొట్టాన్ని పంపి పెద్దపేగు లోపలి గోడను చూచే పరీక్ష ఇది. మలంలో రక్తం పడటం, కారణం తెలియని రక్తహీనత, బరువు తగ్గిపోవడం వంటి లక్షణాలు ఉన్నప్పుడు వైద్యులు దీనిని సూచిస్తారు.

పెద్దపేగు క్యాన్సర్లలో అధికభాగం పాలిప్ అనే చిన్న బుడిపెగా మొదలై, ఏళ్ల తరబడి నిదానంగా పెరుగుతాయి. ఆ దశలో కంటబడితే పరీక్ష జరుగుతుండగానే దానిని తొలగించవచ్చు. మలం పొర కింద దాగి ఉంటే ఎంతటి నిపుణునికైనా అది కనిపించదు. గొట్టం పలుచని నీటిని పీల్చగలదు; టమాటా గింజలో, ఆకుకూర పీచో అడ్డుపడితే మూసుకుపోతుంది. అప్పుడు పరీక్ష ఆగిపోతుంది. రోగికి మరి రెండు రోజుల పడక, వెంట ఉన్నవారికి మరి రెండు రోజుల కూలి నష్టం.

విచిత్రమేమంటే, ఇంటి నుండి వచ్చి చేయించుకొనేవారి కంటె ఆసుపత్రిలో చేరి ఉన్నవారికే ఈ శుద్ధి సరిగా కుదరకపోవడం ఎక్కువ. కదలిక లేక పేగు మందగిస్తుంది. నొప్పి తగ్గించే కొన్ని మందులు మలబద్ధకాన్ని పెంచుతాయి. మధుమేహమూ అంతే. చేతికి సెలైన్ సూది ఉన్నవారు ప్రతిసారీ ఒకరి సాయంతో మరుగుదొడ్డికి వెళ్లాలి. ఆ శ్రమకు జంకి మందు సగంలోనే మానేస్తారు. వీటికి తోడు మన విషయంలో భాష ఒకటి.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉండేది. అక్కడి పాత కాపురస్తులు రెండు భాషల్లోనూ నెగ్గుకురాగలరు. పనుల కోసం నెల్లూరు నుండో శ్రీకాకుళం నుండో తిరువళ్ళూరు ప్రాంతానికి కొత్తగా వచ్చినవారి సంగతి వేరు. సిస్టరు 'వెరుం వయిరు' అంటే పరగడుపు అని, 'పెరుంగుడల్' అంటే పెద్దపేగు అని వారికి తట్టదు. తెలియని మాట కంటె తెలిసినట్లుండే మాట మరింత ప్రమాదం. మనకు గంజి అంటే అన్నం వార్చిన నీరు. తమిళంలో కంజి అంటే మెతుకులతో చిక్కగా కాచిన జావ. ఒకరు నీటిని తలచి చెప్పినది మరొకరు జావగా అందుకొంటే రాత్రి పడిన శ్రమ వృథా అవుతుంది. కాబట్టి వడకట్టినదా, మెతుకు ఉన్నదా అని అడిగి తెలుసుకోండి.

ఉపవాసం అన్న మాట కూడా ఇటువంటిదే. ఏకాదశినాడు మనం పాలు త్రాగుతాం, పండ్లు తింటాం. పరీక్షకు ముందురోజు అవి రెండూ తగవు. అంతకు ముందు ఒకటి రెండు రోజులు ఆకుకూరలు, జామ, దానిమ్మ, రాగులు, పొట్టు పప్పులు మాని, తెల్లన్నం, ఇడ్లీ వంటివి తినాలి. ముందురోజు వార్డు అనుమతించిన పలుచని ద్రవాలు మాత్రమే: కొబ్బరినీరు, వడకట్టిన నిమ్మరసం, పాలు లేని టీ. ఎర్రని పానీయాలు వద్దు, లోపల రక్తమని భ్రమ కలుగుతుంది. వార్డు భోజనం అలవాటుగా పడక దగ్గరికి వస్తే పరీక్ష ఉన్నదని చెప్పి తిప్పి పంపండి. తిరుత్తణి కొండ మీది ప్రసాదమైనా పరీక్ష ముగిసిన తరువాతనే.

ఇక మందు. చిన్ననాడు ఆముదం పట్టించుకొన్న పెద్దలు, నాలుగు విరేచనాలు అయితే పని పూర్తి అయినదనుకొంటారు. ఇక్కడ సాధారణంగా ఇచ్చే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి తీరు వేరు. అది ఒంటికి పట్టదు. తాను కలిసిన నీటిని వెంటబెట్టుకొని పేగును కడుగుతూ పోతుంది. అందుచేత ఎన్ని విరేచనాలు అయినా, చెప్పిన లీటర్లన్నీ లోపలికి వెళ్లవలసినదే. సగం ముందురాత్రి, సగం పరీక్షనాటి తెల్లవారుజామున త్రాగడం మేలు. రాత్రి కడిగిన పేగులోకి తెల్లవారేసరికి చిన్నపేగు నుండి జిగట ద్రవం మళ్లీ దిగుతుంది. రెండవ సగం దానిని కడుగుతుంది. పరీక్ష 10 గంటలకైతే రెండవ విడత 4, 6 గంటల మధ్య మొదలై 8 లోపు ముగియాలి. 'కాలై నాలు మణి' అని సిస్టరు చెప్పేది ఈ తెల్లవారుజాము నాలుగు గంటలనే. రోగిని నిద్ర లేపడం జాలిలేని పనిగా తోచవచ్చు, అయినా లేపండి.

గ్లాసు చొప్పున పది, పదిహేను నిమిషాలకొకసారి, కూర్చొని త్రాగించాలి. పడుకొని త్రాగితే ఊపిరితిత్తులలోకి పోవచ్చు. వికారమైతే కొంతసేపు ఆపి సిస్టరుకు చెప్పండి. ఎడతెగని వాంతులు, తీవ్రమైన నొప్పి, విరేచనం లేకుండా కడుపు ఉబ్బడం కనిపిస్తే మందు ఆపి వెంటనే వైద్యుని పిలిపించండి. వృద్ధులను రాత్రివేళ ఒంటరిగా మరుగుదొడ్డికి పంపకండి. మధుమేహం, రక్తం పలుచబరచే మాత్రలు, ఇనుము మాత్రలు, మూత్రపిండాల జబ్బు, ఇవన్నీ ముందే చెప్పాలి. ఏ మాత్రనూ సొంతంగా మానరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి సోడియం ఫాస్ఫేట్ మందు హాని చేయగలదని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ తీవ్రంగా హెచ్చరించింది.

ఉదయం సిస్టరు విరేచనం రంగు అడుగుతారు. నలుగురిలో చెప్పడానికి సిగ్గుపడి 'బాగానే ఉంది' అనేవారే ఎక్కువ. గింజ, పీచు లేకుండా లేత పసుపు నీరుగా వస్తేనే బాగున్నట్లు. గోధుమరంగో, మడ్డిగానో ఉంటే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మరికొంత మందుకు, ఎనిమాకు అప్పుడింకా సమయం ఉంటుంది.

పరీక్ష తరువాత ఇచ్చే నివేదికలో పేగుశుద్ధి ఎలా ఉన్నదో వ్రాస్తారు. బోస్టన్ స్కేల్ అని ఉంటే, పేగును మూడు భాగాలు చేసి ఒక్కొక్కదానికి 0 నుండి 3 వరకు మార్కులు వేస్తారు. ప్రతి భాగానికీ కనీసం 2 రావాలి. తక్కువ వచ్చిన చోట 'ఏమీ కనిపించలేదు' అన్న మాటను నమ్ముకొని ఇంటికి పోవద్దు; మళ్లీ ఎప్పుడు రావాలో అడిగి, ఆ తేదీని డిశ్చార్జి చీటీ మీదనే వ్రాయించుకోండి.