కథ చదివితే పొరుగువాడు కనబడతాడా?



మన సంఘాల్లో తరచుగా ఒక మాట వినబడుతుంది. "కథలు, నవలలు అన్నీ కల్పితాలే కదా, విశ్వాసికి వాటితో పనేమిటి? ఆ సమయంలో రెండు అధ్యాయాలు వాక్యం చదువుకోవచ్చు." మన మేలు కోరే అలా అంటారు. మరి ఈ విషయంలో వాక్యం ఏం చూపిస్తుందో చూద్దాం.

రెండవ సమూయేలు 12వ అధ్యాయం తీయండి. దావీదు ఊరియా భార్యను తీసుకున్నాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు. అలాంటి రాజు ముందుకు వచ్చిన నాతాను మొదట ఆజ్ఞలు వల్లించలేదు, ఒక కథ చెప్పాడు. ఒక బీదవాడు, అతను బిడ్డలా పెంచుకున్న ఒక్క గొఱ్ఱెపిల్ల, దాన్ని లాక్కుని అతిథికి వండించిన ధనవంతుడు. అది విని దావీదు మండిపడ్డాడు. ఆ మనిషి నువ్వేనని నాతాను అప్పుడు చెప్పాడు. నేరుగా నిలదీసివుంటే రాజు ఏదో సాకు వెతుక్కునేవాడేమో. కానీ కథలో ఒకసారి బీదవాడి పక్షాన నిలబడ్డాక తప్పించుకునే దారి లేకపోయింది.

లూకా 10వ అధ్యాయంలో ధర్మశాస్త్రోపదేశకుడు తన పొరుగువాడెవడని అడిగినప్పుడు ప్రభువు కూడా నిర్వచనం ఇవ్వకుండా కథే చెప్పాడు. చివర్లో ప్రభువు అడిగిన ప్రశ్నకు ఆ ఉపదేశకుడి జవాబు గమనించారా? "సమరయుడు" అనే మాట అతని నోట రాలేదు. జాలి చూపినవాడే అని మాత్రం ఒప్పుకున్నాడు. తక్కువగా చూసే జాతివాడి మంచితనాన్ని కాదనలేని చోటికి కథ అతన్ని తీసుకొచ్చింది.

ఈ విషయాన్ని పరిశోధకులు కూడా పరీక్షించారు. 2013లో కిడ్, కాస్టానో అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో తమ ప్రయోగాలు ప్రచురించారు. కొందరి చేత కాసేపు సాహిత్య కథలు చదివించి, తర్వాత మనుషుల కళ్ళ ఫొటోలు చూపించి, ఆ చూపు వెనక ఉన్న భావం ఏమిటని అడిగారు. వాళ్ళు మిగతావాళ్ళకంటే కొంచెం మెరుగ్గా చెప్పారు. తర్వాత వేరే పరిశోధకులు ఇంకా ఎక్కువమందితో చేసి చూస్తే అదే ఫలితం రాలేదు. 2018లో 14 ప్రయోగాలను కలిపి పరిశీలిస్తే ప్రభావం ఉంది గానీ చిన్నదేనని తేలింది. అంతకుముందు 2006లో రేమండ్ మార్, కీత్ ఓట్లీ, వారి సహచరులు చేసిన అధ్యయనంలో కథలతో ఎక్కువ పరిచయం ఉన్నవాళ్ళు ఎదుటివారి మనసును గ్రహించడంలో ముందున్నారు. చదవడం వల్ల అలా అయ్యారా, అలాంటివాళ్ళే ఎక్కువ చదువుతారా అన్నది దానితో తేలదు.

కాబట్టి ఒక్క కథ చదివితే మనిషి మారిపోతాడని నేను చెప్పను. ఒక్కరోజు ఉపవాసముంటే పరిశుద్ధులమైపోతామా? ఇది కూడా అలవాటుగా సాగవలసిన సాధనే.

మనం రోజూ చూసేది మనిషి పైరూపమే. బెంగళూరులో తెల్లవారుజామున వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ అక్క చేతిలో చీపురు మనకు కనబడుతుంది. ఇంట్లో పిల్లవాడిని జ్వరంతో వదిలివచ్చిన తల్లి మనసు కనబడదు. కథ మనల్ని ఆ మనసులోకి తీసుకెళ్తుంది, కాసేపు అక్కడే ఉంచుతుంది.

ఆ బలం పాలకులకు తెలుసు. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో రాసిన 'మాలపల్లి' 1922లో వెలువడితే, కల్పితమే కదా అని మద్రాసు ప్రభుత్వం ఊరుకోలేదు, నిషేధించింది. తర్వాత ఆ పల్లెల బిడ్డలే కలం పట్టారు. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' రూతు అనే స్త్రీ జ్ఞాపకాల్లోంచి తరతరాల కథ చెబుతుంది. ఆకలి, కరువు, ఆట, పాట, విశ్వాసం, సంఘంలోకి కూడా వెంటవచ్చిన కులం, అన్నీ అందులో ఉన్నాయి. మన ముత్తాతలు ఊరెందుకు విడిచారో తెలియని పిల్లలు మన ఇళ్ళలో ఎంతమంది లేరు?

మనకు ఇంకో వరం ఉంది. మనం రెండు భాషల మధ్య బతుకుతున్నాం. కన్నడ చదవగలిగితే దేవనూర మహాదేవ 'కుసుమబాలె', ఒడియా వస్తే గోపీనాథ్ మహంతి 'పరజా', మరాఠీ వస్తే అణ్ణాభావు సాఠే 'ఫకీరా' చదవండి. తమిళంలో బామ రాసిన 'కరుక్కు' ఆత్మకథ, నవల కాదు. అయినా చదవండి. ఒక దళిత క్రైస్తవ స్త్రీ సంఘాన్ని అడిగే ప్రశ్నలు అందులో ఉన్నాయి. పక్కింటివాళ్ళను "లోకల్ వాళ్ళు" అని ఒక్క మాటతో తోసేసే అలవాటు అప్పుడైనా తగ్గుతుంది.

ఒక హెచ్చరిక. కన్నీళ్ళు సులభం. రాత్రి రూతు కోసం ఏడ్చి, ఆదివారం ఆరాధన అయ్యాక "సంబంధం మంచిదే గానీ వాళ్ళు ఎవరు?" అని అడిగితే ఆ కన్నీళ్ళకు విలువేముంది? పనిచేసే అమ్మకు వేరే గ్లాసు పెట్టే ఇంట్లో ఎన్ని నవలలుంటే ఏం లాభం? యెరికో దారిలో యాజకుడు, లేవీయుడు కూడా గాయపడినవాణ్ణి చూశారు. చూసి పక్కగా వెళ్ళిపోయారు. కథ మనకు చూపిస్తుంది. దగ్గరికి వెళ్ళి గాయం కట్టవలసింది మనమే.

చివరగా ఒక పని. మన పిల్లల్లో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. మన పెద్దమ్మల్లో కొందరికి అసలు అక్షరాలే రావు. నెలకో సాయంకాలం యూత్ మీటింగులో ఒక కథ గట్టిగా చదవండి, అందరూ వింటారు. తర్వాత రెండే ప్రశ్నలు అడగండి. ఈ కథలో మనం ఎవరి స్థానంలో ఉన్నాం? వచ్చే నెలలోపు ఎవరి ఇంటి తలుపు తట్టాలి?

ప్రభువు మనకు వినే చెవులను, కదిలే కాళ్ళను అనుగ్రహించును గాక. ఆమేన్.